కొందరైతే

నెల్లూరు నుంచి ఒంగోలు పోయే బస్సు టంగుటూరులో ఆగినప్పుడు కిటికీలోంచి బ్యారన్ వాసన వచ్చింది. బ్యారన్ అంటే పచ్చి పొగాకుని వేడికి ఆరబెట్టే కొట్టం. పొగాకు కాల్చే రోజులవి. బెల్లం పాకం అడుగంటినట్టుండి, దాని వెనకే ఎండుగడ్డి వాసన. పక్కసీటాయన ముక్కుకి తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు. నాకైతే నాలిక చేదెక్కింది.

చేదెందుకంటే, మా అవ్వ పెట్టే ముద్ద చేదుగా ఉండేది. సీజను మొదలైతే చీకటితో పోయి, పచ్చాకు కర్రలకి కట్టి, మళ్లీ చీకటి పడ్డాకే ఇంటికొచ్చేది. ఆకు జిగురు అరచేతులకి తారు పూసినట్టు నల్లగా పట్టేది. చింతపండుతో రుద్దేది, బూడిదతో రుద్దేది, ఇసకతో రుద్దేది. పైపైది పోయేది గానీ గోళ్ల సందుల్లోదీ చేతిగీతల్లోదీ పోయేది కాదు. ఆ చేత్తోనే పచ్చిపులుసన్నం కలిపి నాకూ చెల్లికీ తలా ఒక ముద్ద పెట్టేది. ముందు పులుపు, తర్వాత కారం, ఆఖర్న సన్నగా చేదు. అన్నమంటే అట్టాగే ఉంటుందని ఏడెనిమిదేళ్లు వచ్చేదాకా నమ్మాను.

మా ఊరు టంగుటూరుకి తూర్పున. పాత చర్చి పడగొడుతున్నాం, ఒకసారొచ్చి చూసిపో అన్నా అని సంఘపెద్ద ఫోన్ చేస్తే బయల్దేరాను. కొత్తది రెండంతస్తులంట, ఏసీ అంట. మంచిదే. రేకుల కింద మే నెల ఆరాధనలో కూర్చున్నవాడెవడూ ఏసీని తప్పుపట్టడు. అయినా ఆటోలో పోతున్నంతసేపూ ఎవరికో ఆలస్యంగా పలకరింపుకి పోతున్నట్టే ఉంది.

*

అవ్వకి అక్షరం ముక్క రాదు. ఆమెకి కళ్లు నేను. రాత్రి అన్నాలయ్యాక కిరసనాయిలు బుడ్డి దగ్గరికి లాక్కుని, గుడ్డలో చుట్టిన బైబిలు విప్పి, ఆమె అడిగిన అధ్యాయం చదివి పెట్టాలి. ఆ గ్రాంథికం నాకు నోరు తిరిగేది కాదు. 'విశ్వాసమనునది నిరీక్షింపబడువాటియొక్క నిజస్వరూపము' అనే చోట రోజూ తట్టుకుని పడేవాణ్ణి. అవ్వ వక్క కొరుకుతూ తప్పు దిద్దేది. చదవడం రాని మనిషి చదివేవాణ్ణి దిద్దడమేంటని అప్పట్లో తోచలేదు.

హెబ్రీయులకు రాసిన పత్రిక 11వ అధ్యాయం నెలకి రెండుసార్లయినా చదివించేది. నమ్మినవాళ్ల పట్టీ అది. హేబెలు, హనోకు, నోవహు, అబ్రాహాము వరసగా వస్తారు. సింహాల నోళ్లు మూసినవాళ్లు, మంటల్ని చల్లార్చినవాళ్లు, కత్తి మెడ మీదికొచ్చినా తప్పించుకున్నవాళ్లు. పిల్లాడికి ఇంకేం కావాలి? నా గొంతు లేచేది. 35వ వచనంలో, చచ్చిపోయిన తమవాళ్లని ఆడవాళ్లు మళ్లీ ప్రాణాలతో పొందారు అన్నదాకా అదే ఊపు. సరిగ్గా ఆ వచనం మధ్యలోనే 'కొందరైతే' అన్న మాట వస్తుంది. అక్కణ్ణించి అంతా వేరు. చిత్రహింసలు పడ్డవాళ్లు, కొరడాదెబ్బలు తిన్నవాళ్లు, రాళ్ల దెబ్బలకి పోయినవాళ్లు, రంపాలతో కోయించుకున్నవాళ్లు, గొర్రెతోళ్లు కట్టుకుని కొండల్లో గుహల్లో తిరిగినవాళ్లు. నాకు నిద్ర ముంచుకొచ్చి పుస్తకం మూయబోయేవాణ్ణి.

"మూయబాక. ఇంకా ఉంది గదా."

"భయమేస్తందవ్వా."

"వాళ్లు గూడా నమ్మినోళ్లేరా అబ్బయ్యా. ఒకటే పట్టీలో రాసుండారు. చదువు."

చదివేవాణ్ణి. చివర్లో ఇంకో తిరకాసుంది. వీళ్లందరూ విశ్వాసం వల్ల మంచి సాక్ష్యం పొందినా వాగ్దాన ఫలం మాత్రం అనుభవించలేదని రాసి ఉంటుంది. సింహం నోరు మూసినవాడికీ రంపం కింద పడ్డవాడికీ కలిపి ఒకే మాట. అవ్వ అక్కడ ఎప్పుడూ ఒక 'ఊఁ' కొట్టేది. బుడ్డి ఆర్పేది.

తెల్లారుజామున రైలుకట్ట మీద మెయిలు బండి పోయే చప్పుడుకి నాకు మెలకువొచ్చేది. అప్పటికే అవ్వ గోడవైపు తిరిగి మోకాళ్ల మీద ఉండేది. ఆమె ప్రార్థనలో అడగడం తక్కువ, అప్పజెప్పడం ఎక్కువ. కొడుకు, కోడలు, మనవడు, మనవరాలు, చూడి బర్రె, ఆసామి, ఆసామి పెళ్లాం మోకాళ్ల నొప్పి, బ్యారన్ కాడ రాత్రంతా కొలిమి ఎగదోస్తూ మేలుకునే మనిషి, తప్పిపోయిన పక్కింటోళ్ల మేక. రోజూ అదే వరస. ఒకరోజు మేక పేరు రాలేదు. దొరికిందేమో అనుకున్నా. దొరకలేదు, ఎవరో కోసి తినేశారని తెలిసింది. ఆ మర్నాటి నించి పట్టీలో మేకకి బదులు దాన్ని తిన్నోళ్లు చేరారు.

*

మా సంఘంలో రెండు రకాల కూలోళ్లుండేవారు. మెట్టచేలకి పోయేవాళ్లు, సముద్రం వైపు ఉప్పు కొఠార్లకి పోయేవాళ్లు. బుధవారం కూడికలో పాస్టరు గారు చెవి మీద పెన్సిలు తీసి, ప్రార్థన అంశాలు చెప్పండని పద్దుపుస్తకం తెరిచేవారు. ఒక ఎండాకాలం వారం మొత్తం మబ్బు పట్టింది. ఒకామె లేచి, "పశువులకి గడ్డి లేదయ్యగారూ, దూడకి తాగడానికి గుంటలో నీళ్లు గూడా లేవు, ఒక వాన కోసరం ప్రార్థన చెయ్యండి" అంది. ఆయన రాసుకున్నారు. వెంటనే ఇంకొకాయన లేచి, "మడుల్లో ఉప్పు తేలింది, ఇంకా కుప్పెయ్యలేదు, పదిరోజులు చినుకు పడకుండా చూడమని అడగండయ్యగారూ" అన్నాడు. అదీ రాసుకున్నారు.

పిల్లలం కిసుక్కున నవ్వాం. పెద్దవాళ్లెవరూ నవ్వలేదు. ఇద్దరిళ్లలోనూ పొయ్యి వెలగాలి గదా.

పాస్టరు గారు పెన్సిలు మళ్లీ చెవి మీద పెట్టుకుని కాసేపు ఊరికే ఉన్నారు. తర్వాత, "మా బర్రెలు నీకు తెలుసు, మా ఉప్పు నీకు తెలుసు" అని మొదలుపెట్టి ఇంకేం దొరక్క, ప్రభువు నేర్పిన ప్రార్థనలోకి దిగిపోయారు. నీ చిత్తము పరలోకమందు నెరవేరుచున్నట్లు భూమియందును నెరవేరును గాక. అంతకుముందు దాన్ని వెయ్యిసార్లు అప్పజెప్పి ఉంటాను. ఆ మాట దేనికో ఆ రోజు కొంచెం తెలిసింది.

ఆ రాత్రి పడింది వాన. ఏం వాన, నాలుగు తుంపర్లు. ఉప్పు కరగడానికి చాలింది, గుంట నిండటానికి చాలలేదు. ఇట్టాంటివి సాక్ష్యాల్లో ఎవరూ చెప్పరు.

ఆ పాస్టరు గారు అడగొద్దని మాత్రం ఎప్పుడూ అనలేదు. కొడుకు రొట్టె అడిగితే రాయి పెట్టే తండ్రి ఉంటాడా అన్న మాట ఆయనకి మహా ఇష్టం. దానికి పక్కనే యోహాను పత్రికలోంచి 'ఆయన చిత్తానుసారముగా' మనమేది అడిగినా అన్న మాటని కూడా పెట్టేవారు. రెండు కాళ్ల మీద నడవాలి గానీ ఒంటికాలి మీద ఎంతసేపు గెంతుతావు అనేవారు.

*

జనవరి ఒకటిన ఒంగోలు పోయేవాళ్లం, ప్రార్థన కొండకి. ముందు రాత్రి చర్చిలో పాత సంవత్సరం సాగనంపి, పన్నెండు దాటాక డబ్బాలోంచి తలా ఒక వాగ్దానపు చీటీ తీసి, నిద్రకళ్లతోనే బండెక్కడం. ఆ యేడు నా చీటీలో ఏం వచ్చిందో గుర్తులేదు. జేబులో ఆవగింజ ఉన్న సంగతి గుర్తుంది. ఆదివారం బళ్లో బంగారు వాక్యం అదే చెప్పారు: మీకు ఆవగింజంత విశ్వాసముంటే ఈ కొండను చూసి ఇక్కణ్ణించి అక్కడికి పొమ్మంటే పోతుంది. అవ్వ పోపుల డబ్బాలోంచి ఒక్క గింజ తీసి, కాగితంలో మడిచి దాచుకున్నాను.

కొండ కింద నిలబడి, గింజ పిడికిట్లో పట్టుకుని, కళ్లు మూసుకుని, పొమ్మన్నాను. మెల్లగా అన్నాను, ఎవరన్నా వింటారని. కళ్లు తెరిచాను. పోలేదు. ఇంకోసారి, ఈసారి పళ్లు బిగించి. అబ్బే.

పైకెక్కాక పాస్టరు గారు ఏటా చెప్పే కథే చెప్పారు. 1854 జనవరి 1 తెల్లారుజామున ఇదే కొండ మీద ఐదుగురు మోకరించారు. నెల్లూరు మిషను దొర జూవెట్, ఆయన భార్య, నెల్లూరు నుంచే వచ్చిన జూలియా, రూతు, క్రిస్టియన్ నర్సు అనే పేరున్న మనిషి. అప్పటికి నెల్లూరులో మిషను పెట్టి పద్నాలుగేళ్లు. చేరినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. ఇదంతా దండగ, మూసేద్దామని అమెరికాలో మాటలు నడిచాయి. మ్యాపులో ఒంటరిగా మిగిలిన ఆ చుక్కకి అక్కడివాళ్లు 'ఒంటరి తార' అని పేరు పెట్టారు. ఆ పొద్దున జూవెట్ దొర కింద జెముడు పొదలు నిండిన మిట్ట ఒకటి చూపించి, అక్కడ మన బంగళా వస్తే బాగుండదా జూలియా అన్నాడంట. బంగళా వచ్చింది నిజమే. ఒంగోలుకి మిషనరీగా క్లౌ దొర వచ్చింది 1866లో. అంటే పన్నెండేళ్లకి.

నాకు అప్పటికి తొమ్మిదేళ్లు కూడా లేవు. పన్నెండేళ్లంటే నా వయసు కంటే ఎక్కువ. అంతకాలం వాళ్లు ఏం చేశారు? రోజూ పొద్దున్నే పొదల వైపు చూసేవాళ్లా?

దిగేటప్పుడు అవ్వకి గింజ సంగతి చెప్పేశాను, కళ్లనీళ్లతో. కొండ కదల్లేదవ్వా, నాకు విశ్వాసం లేదు. అవ్వ మెట్టు మీద కూలబడి నవ్వింది, పమిట నోటికి అడ్డం పెట్టుకుని.

"పిచ్చినాయనా, చుట్టూ ఎన్ని కొంపలున్నయ్యో చూడు. నువ్వు పొమ్మన్నావని అది లేచి పోతే వాళ్ల గతేం గాను?"

తర్వాత పొట్లం విప్పమంది. గింజ ఆమె అరచేతిలో పడింది. ఆ నల్లటి గీతల్లో కనపడలేదు కూడా, ఇద్దరం వెతుక్కున్నాం.

"ఎంతుంది?"

"ఇంతే."

"ఇంతే చాలంట గదా. ఇంకా పెద్దది తెమ్మని ఆయన అన్లేదుగా."

*

మా కుటుంబం ఈ దారిలోకి వచ్చింది కాలవ కూలి తర్వాత. 1876 నుంచి 78 దాకా వానలెగ్గొట్టిన ధాత కరువులో బకింగ్‌హాం కాలవ తవ్వించారు, జనానికి కూలి దొరకాలని. క్లౌ దొర మూడు మైళ్ల పైచిలుకు ముక్క కాంట్రాక్టు పట్టాడు. ఆయన మిషనరీ కాకముందు అమెరికాలో సర్వే పని చేసినవాడు, గొలుసూ గుంటా తెలిసినవాడు. అవ్వ వాళ్ల తాత ఆ మట్టి మోశాడని మా ఇంట్లో చెప్పుకుంటారు. నేను చిన్నప్పుడు ఆ కాలవ గట్టున పోతుంటే, ఇక్కడేమో, ఇక్కడేమో అని చూసేవాణ్ణి. ఉప్పునీళ్లు, సరుగుడు చెట్లు, ఒక విరిగిన పడవ. ఏముంటుంది గుర్తు?

ఇందులో నాకు బాగా నచ్చే సంగతి ఒకటుంది. కూలి ఇస్తున్నన్నాళ్లు, తిండి పంచుతున్నన్నాళ్లు దొర ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. దాదాపు పదిహేను నెలలు. జనం వచ్చి మేం నమ్మామంటున్నా ఆగమన్నాడు. కరువు పని అయిపోయి, ఆయన దగ్గర ఇక పెట్టడానికేమీ లేదని అందరికీ తెలిశాకే ఒప్పుకున్నాడు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజున 2,222 మంది నీళ్లలోకి దిగారు. ఇద్దరిద్దరు ప్రసంగీకులు వంతులేసుకుని బాప్తిస్మాలిచ్చారు. ఆ అంకె మా జిల్లాలో క్రైస్తవుల ఇళ్లలో పిల్లలకి ఎక్కాల్లా వచ్చు. అంకె వెనక ఆ పదిహేను నెలల ఆగడం మాత్రం ఎవరూ వల్లె వెయ్యరు. చేతికి ఏదో అందుతున్నప్పుడు మనిషి 'నమ్ముతున్నా' అంటే దానికి విలువ కట్టలేమని ఆ దొరకి తెలుసుననుకుంటాను.

అవ్వని అడిగాను ఒకసారి, ఆ కొండమీద వాళ్లు అంత ప్రార్థన చేశారు గదా, మరి కరువు రాకుండా దేవుడు ఎందుకు ఆపలేదని.

"నేను గూడా అడిగా, మా జేజిని."

"ఏం చెప్పింది?"

"చెప్పలా. బియ్యం ఏరుకుంటా ఉండింది."

అవ్వ కూడా అప్పుడు చాటలో బియ్యమే ఏరుతోంది. ఇంకేమీ చెప్పలేదు.

*

చెల్లికి ముందు గొంతునొప్పి వచ్చింది. తగ్గింది, మర్చిపోయాం. తర్వాత మోకాళ్లు వాచాయి. ఆ వాపు ఒకచోట ఉండేది కాదు. మోకాళ్ల నించి చీలమండలకి, అక్కణ్ణించి మోచేతులకి తిరిగేది. ఒంగోలులో డాక్టరమ్మ గొట్టం పెట్టి చాలాసేపు విన్నది. గుండె కవాటం దెబ్బతిన్నది, మూడు వారాలకోసారి పెన్సిలిన్ సూది వేయించాలి, ఏళ్ల తరబడి, ఒక్కటి కూడా తప్పకూడదు అంది.

నాయన తలుపు పక్క గోడ మీద బొగ్గుతో లెక్క రాసేవాడు. సూదికి ఒక ఇంటూ. సూది పడ్డ రోజు చెల్లి కుంటుకుంటూ వచ్చేది. అవ్వ పెనం మీద కల్లుప్పు వేయించి గుడ్డలో మూటగట్టి కాపడం పెట్టేది. చెల్లి ఏడవకుండా ఉంటే నేను సైకిల్ రిమ్ము తోలనిస్తానని ఒప్పందం. ఆ రిమ్ము ఆమె చాలాసార్లు తోలింది. గోడ మీద ఇంటూలు రెండు వరసలు దాటాయి.

అప్పుడు మూడు రాత్రుల స్వస్థత కూటాలు పెట్టారు, పక్క ఊళ్లో. ట్యూబులైట్లు, మైకు, తాటాకు పందిరి. ప్రసంగీకుడు ఎక్కడి నుంచో వచ్చాడు. గొంతు బ్రహ్మాండం. మూడో రాత్రి ఆయన హెబ్రీ పత్రిక 11వ అధ్యాయం తీశాడు. సింహాలు, మంటలు, కత్తులు అయ్యాయి. చచ్చినవాళ్లని ఆడవాళ్లు మళ్లీ పొందారు అన్నాడు. పందిరంతా హల్లెలూయా. ఆయన బైబిలు మూశాడు.

అవ్వ మోచేత్తో నన్ను పొడిచింది. "ఇంకా ఉంది గదయ్యా" అంది, పైకే. మైకు ముందు ఆ గొంతెంత?

మందు వాడుతున్నావంటే నీకు సందేహమున్నట్టే, సందేహం ఉంటే ఏమీ దొరకదు అన్నాడాయన. నాయన చెల్లిని భుజం మీద కూర్చోబెట్టుకుని ముందుకి పోయాడు. ఆమె నెత్తిన చెయ్యి పెట్టారు. తిరిగొచ్చేటప్పుడు దారంతా నాయన పాడుతూనే ఉన్నాడు.

తర్వాత మూడు వారాలకి గోడ మీద ఇంటూ పడలేదు. అవ్వ నిలదీసింది. "ఆ మందు చేసినోడికి బుద్ధిచ్చింది ఎవుర్రా? సైతానా?" నాయన కోప్పడలేదు. అదే ఇబ్బంది. నెమ్మదిగా, "అమ్మా, నువ్వు నమ్మవా?" అన్నాడు.

అవ్వ దగ్గర మాట లేకపోవడం నేను మొదటిసారి చూసింది అప్పుడే. రోజూ నాలుగింటికి లేచే మనిషిని పట్టుకుని నువ్వు నమ్మవా అంటే ఏం చెప్తుంది? నమ్ముతానంటే సూది మానాలి, సూది వేయించమంటే నమ్మనట్టు. ఆ మాటని అట్టా ముడేసి నాయన చేతికిచ్చి పంపారు. అవ్వ లోపలికి పోయింది. ఆ రోజు నోరెత్తాల్సింది అని చనిపోయేదాకా అంటూనే ఉంది.

నాలుగు ఇంటూలు తప్పాయి. మళ్లీ జ్వరం వచ్చింది. తర్వాత ఆయాసం. చెల్లి పడుకోలేక గోడకి ఆనుకుని కూర్చుని నిద్రపోయేది. ఆస్పత్రిలో చేర్చారు. పొగాకు నారు పోసే రోజుల్లో పోయింది.

*

పదకొండో రోజునో ఎప్పుడో ఆ ప్రసంగీకుడు పలకరింపుకి వచ్చాడు. రాకుండా ఉంటే బాగుండేది. మంచం మీద కూర్చుని, దేవుడు మాట తప్పడు గనక లోపం మన విశ్వాసంలోనే ఉండుంటుంది, మిమ్మల్ని మీరు పరీక్షించుకోండి అన్నాడు. నాయన తల వంచుకుని ఆ మాటని మందుబిళ్లలా మింగాడు. చూస్తూనే ఉన్నాను, గొంతులోంచి దిగింది.

అవ్వ గడప దగ్గర కూర్చుని ఉంది. "అయ్యా, నాకు సదువు రాదు. సిలువకి ముందు రాత్రి ఆ తోటలో యేసయ్య మూడుసార్లు అడిగాడని మా వోడు చదివి చెప్పాడు. ఈ గిన్నె తీసెయ్ తండ్రీ అని. తియ్యలా. ఆయన విశ్వాసంలో యాడుందయ్యా లోపం?"

ఆయన ఏదో వాక్యం చెప్పి లేచాడు. కాఫీ గ్లాసులో మీగడ కట్టింది.

ఆయన పోయాక అవ్వ నాయన వైపు తిరిగింది. "నీ నమ్మకం చాలక పిల్ల పోయిందంటే, నా నమ్మకం జూసి నన్నుంచాడంట్రా? ఆ లెక్క ఎవరేశార్రా నీకు?"

నాయన మాట్లాడలేదు. గోడ మీద ఇంటూల్ని మర్నాడు సున్నం కొట్టి చెరిపేశాడు. సున్నం పల్చన, బొగ్గు తెలుస్తూనే ఉండేది.

ఆ తర్వాత నాయన చర్చి లోపలికి రాలేదు. మానలేదు కూడా. ఆదివారం మాతోపాటే బయల్దేరి, గుమ్మం దాకా వచ్చి, చెప్పుల మధ్య రాతిమెట్టు మీద కూర్చునేవాడు. లోపల్నించి అతని వీపే కనపడేది. చొక్కాకి పొగాకు మరకలు. ఆఖరి దీవెనకి ముందే లేచి పోయేవాడు. పాస్టరు గారు ఒక్కసారి కూడా లోపలికి రమ్మనలేదు. అయితే నెలకోసారి రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే ప్రభువు బల్ల రోజున, అందరికీ పంచాక, పళ్లెం పట్టుకున్న పెద్ద గుమ్మం దాకా నడిచి, మెట్టు దగ్గర వంగేవాడు. నాయన తల అడ్డంగా ఊపేవాడు. పళ్లెం తిరిగొచ్చేది. మర్నెల మళ్లీ పోయేది. ఎన్నేళ్లో.

రాత్రి చదువు మాత్రం ఆగలేదు. అవ్వ ఎంపికలు మారాయి. మార్కు సువార్త 9వ అధ్యాయం, మూర్ఛ బిడ్డ తండ్రి కథ చదవమనేది. యేసు నమ్మమంటే ఆ తండ్రి, నమ్ముచున్నాను, నాకు అపనమ్మకం లేకుండా సహాయం చెయ్యమని ఒక్క ఊపిరిలో రెండూ అంటాడు. అట్టాంటి అర్ధసగం నమ్మకానికే బిడ్డ బాగయ్యాడు. "గట్టిగా చదువు, నాకు చెవులు సరిగా ఇనపళ్లా" అనేది అవ్వ. ఆమె చెవులు బంగారంలా పనిచేసేవి. బయట వేపచెట్టు కింద మంచమ్మీద నాయన పడుకుని ఉండేవాడు.

అపొస్తలుడు పౌలు తన ఒంట్లో ముల్లని చెప్పుకున్న బాధ సంగతి కూడా ఆ రోజుల్లోనే నాకు తెలిసింది. ఆయనా మూడుసార్లే అడిగాడు. ముల్లు పోలేదు, నా కృప నీకు చాలును అన్న మాట వచ్చింది. ఇవన్నీ బైబిల్లో ఎక్కడో మూల దాచిపెట్టినవి కావు, నడిబజార్లోనే ఉన్నాయి. పేజీ తిప్పితే చాలు. ఆ మూడో రాత్రి ఎందుకు తిప్పలేదన్నది ఇన్నేళ్లయినా నాకు మండుతుంది. విశ్వాసం అంటే దేవుడి చెయ్యి మెలితిప్పడానికి బలం సరిపోవడం అని అక్కడ నేర్పారు. మా అవ్వకి విశ్వాసమంటే ఆ చెయ్యి వదలకపోవడం. ఇచ్చినా, ఇవ్వకపోయినా. ఈ తేడా తెలుసుకోవడానికి మా ఇంట్లో ఒక పిల్ల పోవాల్సిన అవసరం లేదు.

*

ఇంకొకటి చెప్పాలి. చెల్లి పోయాక చాన్నాళ్లకి ఒక తెల్లారుజామున మెలకువొచ్చి వింటే, అవ్వ పట్టీలో చెల్లి పేరు కూడా వస్తోంది. బర్రెకి ముందు, నా తర్వాత, ఎప్పటి చోటే. మా బాప్టిస్టుల్లో పోయినవాళ్ల కోసం ప్రార్థన చెయ్యరు. అప్పటికి నేను హైస్కూలు, తెలివి ముదిరింది. పట్టుకున్నాను.

"దేవుడి దగ్గరున్న పిల్లకి ప్రార్థనేందవ్వా?"

"అడగటంలేదు లేరా. తీసేస్తే చోటు ఖాళీగా ఉండాది." కాసేపాగి, "పాస్టరు గారికి చెప్పబాక" అంది.

చెప్పలేదు. ఇన్నేళ్లకి ఇదిగో, ఇక్కడ.

అవ్వ పోయినప్పుడు పెట్టె ముందువైపు కుడికొన నాయన భుజం మీద ఉంది. గుమ్మం దగ్గర అందరూ ఆగారు. నాయన ఆగలేదు. బరువుతోనే మెట్టెక్కి లోపలికి పోయి, బల్ల ముందు దించాడు. దించి, భుజం తుడుచుకుని, వెనక్కొచ్చి మళ్లీ మెట్టు మీదే కూర్చున్నాడు. ఆ రోజు దీవెన అయ్యేదాకా లేవలేదు.

*

నేను పోయేసరికి రేకులు దించేశారు, గోడలు నడుం ఎత్తున ఉన్నాయి. పాత సున్నం వాసన, మన్ను వాసన. మా పాస్టరు గారు నిలబడే చోట సిమెంటు బస్తాలు పేర్చారు. సంఘపెద్ద కొత్త ప్లాను సెల్లులో చూపించాడు, ముందు మూడు గ్రానైటు మెట్లు వస్తాయంట. బాగుంది తమ్ముడూ అన్నాను. నిజంగానే బాగుంది.

రాతిమెట్టు మాత్రం ఇంకా అక్కడే ఉంది. గోడ పోయాక దాని చుట్టూ ఏమీ లేదు. మధ్యలో కొంచెం అరిగి, పల్లంగా. ఎండ పడి కాగుతోంది. చెప్పులు విప్పి కాసేపు కూర్చున్నాను. అక్కణ్ణించి లోపల ఏం కనపడేదో అప్పుడే తెలిసింది: బల్ల, దాని వెనక కిటికీ. కిటికీ ఇప్పుడు లేదు, తూర్పుగా ఆకాశం ఉంది. దీవెన ముందు లేచిపోయేవాడనే గానీ, అంతసేపూ వీపు మాకు చూపించి కూర్చున్నవాడు, అప్పుడప్పుడన్నా మెడ తిప్పి చూసేవాడేమో. నేను గమనించలేదు.

గునపం పట్టుకున్న కుర్రాడు వచ్చి నిలబడ్డాడు. "కాస్త లెగండి సార్, అది గూడా తియ్యాల."

"ఎక్కడ పెడతార్రా దీన్ని?"

"ఎక్కడేముంది సార్, పునాదిలో ఏసేస్తాం. లేదంటే ఆ కుళాయి కాడ, కాళ్లు కడుక్కునేదానికి."

"కుళాయి దగ్గర పెట్టు."

సరేనన్నాడు. గునపం కింద దూర్చి ఎత్తాడు. రాయి ఒకవైపే లేచింది. రెండోవైపు నేను పట్టాను.